నా టెర్మినల్ ఊ కొడుతుంది

నా లాప్‌టాప్‌లో టెర్మినల్, అంటే కంప్యూటర్‌కి పనులు టైప్ చేసి చెప్పే విండో, ఓపెన్ చేస్తే మామూలుగా వచ్చే డాలర్ గుర్తు కనపడదు, అది ఉండాల్సిన చోట "ఊ" అని ఉంటుంది. అచ్చ తెలుగు ఊ, ఒకే ఒక్క అక్షరం, పక్కన కర్సర్ మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. ఆఫీసులో ఎవరు నా స్క్రీన్ చూసినా ముందు అడిగేది దాని గురించే. కన్నడ వాళ్లయితే అది ఏ అక్షరం అని అడగరు, వాళ్ల ఊ కూడా దాదాపు ఇట్లాగే ఉంటుంది కదా, కానీ ఎందుకు పెట్టావు అని మాత్రం వాళ్లూ అడుగుతారు. ఇంతమందికి ఇన్నిసార్లు నోటితో చెప్పా, ఒకసారి కూర్చుని మొత్తం రాసేద్దాం అనిపించింది, ఎందుకంటే ఆ ఒక్క అక్షరం దగ్గరికి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది, దాని వెనక ఒక పాడు రాత్రి కూడా ఉంది.

మాది ప్రొద్దుటూరు. చిన్నప్పుడు ఎండాకాలం మిద్దె మీద పడుకుంటే మా జేజి కథలు చెప్పేది. కథ మొదలుపెట్టే ముందు ఆమెది ఒకటే షరతు, ఊ కొట్టాల. ఆమె ఒక మాట చెప్తుంది, మేం ఊ అంటాం, అప్పుడు ఇంకో మాట. ఊ ఆగిందంటే మేం నిద్రపోయినట్టు లెక్క, కథ ఆ రాత్రికి అక్కడితో సరి, రాజుగారు అడవిలో ఉంటే అడవిలోనే ఉండిపోతాడు. మా తమ్ముడు సగం నిద్రలో కూడా ఊ అనేవాడు, కానీ జేజికి ఆ తేడా తెలిసిపోయేది, "వీడు నిద్రలో అంటాండాడు" అని ఆపేసేది. టెర్మినల్ ముందు జరిగేది కూడా ఇదే కదా అని నాకు చాలా రోజుల తర్వాత తట్టింది. మనం ఒక మాట చెప్తాం, మిషన్ ఆ పని చేసి, ఊ, తర్వాత? అంటుంది. ఆ ఊ పేరే ప్రాంప్ట్. అది తిరిగి రాలేదంటే మిషన్ ఇంకా మనం చెప్పిన పాత పనిలోనే ఉందని అర్థం. అయితే ఊ కొట్టేది ఎవరు, ఏ ఇంట్లోంచి కొడుతున్నారు అనేది కూడా తెలియాలి, అది తెలియకపోతే ఏమవుతుందో నాకు అయింది.

మూడేళ్ల కిందట బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండేదాన్ని. ఒక రాత్రి పదకొండు దాటాక లాప్‌టాప్‌ని నడిపే ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్‌డేట్లు పడ్డాయి, రీస్టార్ట్ చేయమంటోంది. స్క్రీన్ మీద రెండు టెర్మినల్ విండోలు ఉన్నాయి, ఒకటి లాప్‌టాప్‌ది, ఇంకోటి సాయంత్రం ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే దూరంగా ఉన్న మిషన్‌లోకి ఇక్కడి నుంచే వెళ్లే పద్ధతితో, ఆఫీస్ సర్వర్‌లోకి వెళ్లి అట్లాగే వదిలేసింది. సుడో రీబూట్, అంటే పూర్తి అధికారంతో మిషన్‌ని రీస్టార్ట్ చెయ్ అని, కొట్టి ఎంటర్ నొక్కా. నొక్కిన అర సెకనుకి ఏదో తేడాగా అనిపించింది, నా లాప్‌టాప్‌లో సుడో అంటే పాస్‌వర్డ్ అడుగుతుంది కదా, ఇప్పుడు అడగలేదేంటి? క్లౌడ్‌లో వేసే ఉబుంటు మిషన్లలో మామూలుగా ఆ మొదటి యూజర్‌కి పాస్‌వర్డ్ లేకుండానే సుడో నడుస్తుంది, ఆ విషయం బుర్రలోకి వచ్చేలోపే "కనెక్షన్ క్లోజ్డ్ బై రిమోట్ హోస్ట్" అని ఒక లైన్ పడింది. నా లాప్‌టాప్ ఫ్యాన్ మాత్రం అట్లాగే తిరుగుతోంది. చేతులు చల్లబడిపోయాయి.

ఆ సర్వర్ మీద మా టీమ్‌లో నంద్యాల అన్న సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టిన డేటా జాబ్ నడుస్తోంది, తెల్లారేసరికి అయిపోవాల్సింది. ఇంకేం ఆలోచించకుండా ఫోన్ చేశా.

"అన్నా, పడుకున్నావా?"

"లేదు పాపా, చెప్పు."

"నీ జాబ్ నడుస్తున్న మిషన్‌ని నేను రీబూట్ చేసేశా అన్నా. నా లాప్‌టాప్ అనుకుని కొట్టా."

అటు వైపు కాసేపు చప్పుడు లేదు. "సరేలే, వెంటనే చెప్పినావు కదా, అంతే చాలు. నేను మళ్లీ స్టార్ట్ చేస్తా. నువ్వు పడుకో, పొద్దున చూద్దాం" అన్నాడు. ఐదు గంటల పని పోయింది, ఒక్క మాట కూడా అనలేదు. పొద్దున ఆఫీసులో నా లాప్‌టాప్ తెరిచి రెండు విండోలు పక్కపక్కన పెట్టమన్నాడు, చూసి, "రెండూ ఒకే గ్రీన్ కదా పాపా, ఏది ఇల్లో ఏది ఆఫీసో కంటికి ఎట్లా తెలుస్తాది?" అన్నాడు. నిజమే. రెండూ ఉబుంటునే, రెండిట్లోనూ ప్రాంప్ట్ అదే ఆకుపచ్చలో యూజర్ పేరు, అట్ గుర్తు, మిషన్ పేరు, తర్వాత నీలంలో ఫోల్డర్ దారి. సర్వర్ పేరేమో ఐపీ అని మొదలై వరసగా అంకెలు, అట్లాంటి పేరుని కన్ను చదవదు, దాటేస్తుంది. అంటే ఏ ఇంట్లో ఉన్నానో అక్కడ రాసే ఉంది, కానీ నేను చూసేట్టు రాసి లేదు. ఆ రోజు నుంచి ప్రాంప్ట్‌ని పట్టుకున్నా.

తెలియని వాళ్ల కోసం కొంచెం. షెల్ అంటే మనం కొట్టిన కమాండ్‌ని చదివి నడిపించే ప్రోగ్రామ్. అది మన ముందు ఏం రాసి ఎదురుచూడాలి అనేది పీఎస్1 అనే ఒక వేరియబుల్‌లో (పేరు పెట్టి ఒక విలువ దాచుకునే చోటు) ఉంటుంది, పీఎస్ అంటే ప్రాంప్ట్ స్ట్రింగ్. ఇది కొత్తదేం కాదు, బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 7వ వెర్షన్‌తో బయటికొచ్చింది, పీఎస్1, పీఎస్2 అందులోవే. మామూలు యూజర్‌కి $ గుర్తు అనే అలవాటు కూడా అక్కడి నుంచి వచ్చిందే, రూట్‌కి, అంటే మిషన్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్‌కి, # గుర్తు మాత్రం అంతకుముందు నుంచే ఉంది. తర్వాత 1989లో గ్నూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ కోసం బ్రయాన్ ఫాక్స్ రాసిన బ్యాష్ వచ్చింది, బోర్న్ పేరు మీదే "బోర్న్ అగైన్" అని, నేను రాసేదంతా ఎక్కువగా ఈ బ్యాష్ గురించే. పీఎస్2 అనేది మనం మాట మధ్యలో ఆపేస్తే వస్తుంది, ఉదాహరణకి ఒక కోట్ ఓపెన్ చేసి మూయకుండా ఎంటర్ కొడితే > అని ఒక గుర్తు వచ్చి కూర్చుంటుంది, కొత్తవాళ్లు మిషన్ హ్యాంగ్ అయిందనుకుని విండో మూసేస్తారు. పాపం అది "ఇంకా ఏదో చెప్పబోయావు, చెప్పు" అంటోంది అంతే. నాదాంట్లో అక్కడ "ఇంకా" అని పెట్టుకున్నా. మా చెల్లెలు మొదటిసారి టెర్మినల్ నేర్చుకున్నప్పుడు ఆ "ఇంకా" చూసి, ఓహో నేను ఇంకా పూర్తి చేయలేదా అని తనంతట తనే కోట్ మూసింది, నేను ఒక్క ముక్క చెప్పలేదు.

సెట్టింగ్ ఉండేది హోమ్ ఫోల్డర్‌లో డాట్ బ్యాష్ఆర్‌సీ అనే ఫైల్‌లో. ఉబుంటులో ఆ ఫైల్ తెరిచి పీఎస్1 లైన్ చూస్తే చీమలు పాకినట్టు ఉంటుంది, భయపడొద్దు, అసలు సంగతి చాలా చిన్నది. బ్యాక్‌స్లాష్ పక్కన యూ పెడితే యూజర్ పేరు, హెచ్ పెడితే మిషన్ పేరు, చిన్న డబ్ల్యూ పెడితే ఉన్న ఫోల్డర్ పూర్తి దారి, పెద్ద డబ్ల్యూ పెడితే చివరి ఫోల్డర్ పేరు ఒక్కటే, ఎన్ పెడితే కొత్త లైన్, డాలర్ పెడితే మామూలు యూజర్‌కి $, రూట్‌కి #. ముందు ఫైల్‌లో ఏమీ మార్చకుండా టెర్మినల్‌లోనే పీఎస్1 ఈక్వల్స్ అని ఏదో ఒకటి కొట్టి చూడండి, నచ్చకపోతే విండో మూసేస్తే పోతుంది, నచ్చితేనే ఫైల్‌లోకి ఎక్కించండి.

ఇక్కడ చిన్న డబ్ల్యూనా పెద్ద డబ్ల్యూనా అని చాలామంది తేలిగ్గా తీసేస్తారు, నేను బెంగళూరులో ఉంటాను కాబట్టి నాకు ఈ బాధ బాగా తెలుసు. ఇక్కడ ఎవరినైనా ఇల్లు ఎక్కడ అంటే ఫిఫ్త్ క్రాస్ అంటారు. ఏ ఫిఫ్త్ క్రాస్? బీటీఎంలో ఉంది, హెచ్ఎస్ఆర్‌లో ఉంది, జేపీ నగర్‌లో ఉంది, ఒక్క లేఅవుట్‌లోనే ఈ మెయిన్‌కి ఒకటి, ఆ మెయిన్‌కి ఒకటి. ఆటో ఎక్కి ఫిఫ్త్ క్రాస్ అని ఊరుకుంటే ఆటో కదలదు. పెద్ద డబ్ల్యూ సరిగ్గా ఇట్లాంటి అడ్రస్ చెప్తుంది, ఎస్ఆర్‌సీ (సోర్స్ కోడ్ పెట్టే ఫోల్డర్) అని చూపిస్తుంది, ఎస్ఆర్‌సీ ఫోల్డర్ లేని ప్రాజెక్ట్ ఎక్కడుంది? పోనీ చిన్న డబ్ల్యూ పెడితే ఇండియా, కర్ణాటక, బెంగళూరు సౌత్ అని మొదలుపెట్టి మొత్తం చదువుతుంది, కమాండ్ కొట్టడానికి లైన్‌లో చోటు మిగలదు. బ్యాష్ 4 నుంచి ప్రాంప్ట్ డర్‌ట్రిమ్ అని ఒక వేరియబుల్ ఉంది, దానికి 3 అని ఇస్తే చివరి మూడు ఫోల్డర్లు చూపించి ముందున్న దాన్ని మూడు చుక్కలుగా కుదించేస్తుంది. క్రాస్, మెయిన్, లేఅవుట్. ఆటోవాడికి సరిపోయేది నాకూ సరిపోతుంది, మూడేళ్లుగా అదే పెట్టుకున్నా.

ఇక రంగులు. రంగు అంటే టెర్మినల్‌కి పంపే ఒక చిన్న గుప్త సందేశం, ఎస్కేప్ అనే కనపడని అక్షరం, తర్వాత స్క్వేర్ బ్రాకెట్, తర్వాత ఒక నంబర్, చివర ఎమ్. 31 ఎరుపు, 32 ఆకుపచ్చ, 33 పసుపు, 34 నీలం, ఇవే 41, 42 అని రాస్తే అక్షరం వెనక గోడకి రంగు, 0 అంటే అన్నీ తీసేసి మామూలుకి రా అని. చివర 0 మర్చిపోతే మనం కొట్టే కమాండ్‌తో సహా అంతా ఎర్రగా అయిపోతుంది. నేను అది మర్చిపోలేదు, ఇంకోటి మర్చిపోయా, దాంతో మూడు రోజులు కొట్టుకున్నా.

రంగులు పెట్టాక అంతా బాగానే ఉంది. కానీ కొంచెం పొడుగు కమాండ్ కొడితే, లైన్ చివరికి వెళ్లి కింది లైన్‌కి రావాల్సింది పోయి, అదే లైన్ మొదటికొచ్చి ప్రాంప్ట్ మీదే ఎక్కి రాసేది. పై బాణం నొక్కి పాత కమాండ్లు తిరగేస్తుంటే ఒక కమాండ్ తాలూకు నాలుగు అక్షరాలు స్క్రీన్ మీద అతుక్కుపోయేవి, బ్యాక్‌స్పేస్ ఎంత కొట్టినా పోవు, పోనీలే అని ఎంటర్ కొడితే ఆ అక్షరాలు కమాండ్‌లో లేనే లేవు, కంటికి మాత్రమే ఉన్నాయి. టెర్మినల్ పాడైందేమో అని ఇంకోటి ఇన్‌స్టాల్ చేశా, ఫాంట్ మార్చా, ఏం లాభం లేదు. సంగతేంటంటే షెల్ తను రాసిన ప్రతి అక్షరానికి ఒక గడి చొప్పున లెక్క వేసుకుంటుంది, లైన్‌లో ఎన్ని గడులు అయిపోయాయి, ఎక్కడ మడవాలి అని. రంగు కోడ్ స్క్రీన్ మీద ఒక్క గడి కూడా తినదు, కానీ షెల్‌కి ఆ విషయం ఎవరూ చెప్పలేదు కాబట్టి దాన్ని కూడా లెక్కేసుకుంటుంది, అక్కడ లెక్క తప్పుతుంది. చెప్పే పద్ధతి ఉంది, ప్రతి రంగు కోడ్‌కి ముందు \[ పెట్టి, అయిపోయాక \] పెట్టాలి, అంటే ఈ రెండిటి మధ్య ఉన్నది గడుల్లోకి రాదు, లెక్క వేయకు అని. అంతే, మొత్తం సర్దుకుంది. ఇంకో మెలిక ఏంటంటే, రంగుని పీఎస్1లో నేరుగా కాకుండా ఒక ఫంక్షన్ (మనం పేరు పెట్టుకున్న కమాండ్ల గుంపు) ప్రింట్ చేసేట్టు రాస్తే ఈ \[ గుర్తులు పనిచేయవు, వాటినే స్క్రీన్ మీద రాసేస్తుంది, ఎందుకంటే బ్యాష్ ముందు బ్యాక్‌స్లాష్ గుర్తుల్ని విప్పి ఆ తర్వాతే ఫంక్షన్‌ని పిలుస్తుంది. అట్లాంటి చోట వాటి బదులు \001, \002 వాడాలి. ఈ ఒక్క పేరా ఎవరికైనా మూడు రోజులు మిగిలిస్తే నాకు అంతే చాలు.

ఆ రాత్రి జరిగింది మళ్లీ జరగకుండా చేసింది ఇది. నా బ్యాష్ఆర్‌సీలో మొదట ఒక పరీక్ష ఉంటుంది, ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ అనే వేరియబుల్‌లో ఏమైనా ఉందా అని. ఉందంటే ఈ షెల్‌లోకి ఎవరో దూరం నుంచి వచ్చారు, అంటే ఇది నా లాప్‌టాప్ కాదు, అప్పుడు మిషన్ పేరు వెనక గోడ 41, ఎర్రగా, పేరు తెల్లగా. లేదంటే మిషన్ పేరు అసలు చూపించను, నా ఇంట్లో నాకు ఇంటి పేరు బోర్డు ఎందుకు? ఇదే ఫైల్‌ని సర్వర్లలోకీ కాపీ చేస్తా. ఒక జాగ్రత్త ఏంటంటే సుడోతో రూట్‌లోకి వెళ్తే ఆ వేరియబుల్ మామూలుగా తుడిచిపెట్టుకుపోతుంది, అసలు ఎర్రగా ఉండాల్సిన చోటే మామూలుగా అయిపోతుంది, కాబట్టి రూట్ ఫైల్‌లో పరీక్ష లేకుండా నేరుగా ఎర్రగోడ రాసేయాలి. అన్న ఇంకోటి కూడా వేయించాడు, డెబియన్‌లో, ఉబుంటులో మాలీ గార్డ్ అని ఒక ప్యాకేజ్ ఉంది, ఎస్ఎస్‌హెచ్‌లో ఉండగా రీబూట్ కొడితే ముందు ఈ మిషన్ పేరేంటో టైప్ చెయ్ అంటుంది, తప్పు చెప్తే చేయదు. ఆ పేరు వెనక కథ నాకు భలే ఇష్టం, ఐబీఎం పెద్ద మిషన్ల కాలంలో ఒక ప్రోగ్రామర్ చిన్నకూతురు మాలీ ఒకే రోజు రెండుసార్లు మెయిన్ స్విచ్ నొక్కేసిందట, అప్పుడు ఆ స్విచ్ మీద ప్లాస్టిక్ మూత బిగించారట, అట్లాంటి మూతకి ఆ పాప పేరే స్థిరపడిపోయింది. కానీ నా అనుభవంలో మూత కన్నా ఎర్రగోడే మేలు, మూత రీబూట్, షట్‌డౌన్ లాంటి వాటినే ఆపుతుంది, తప్పు ఫోల్డర్ డిలీట్ చేసేటప్పుడు మూత రాదు, ఎరుపు మాత్రం ఎప్పుడూ కళ్లముందే ఉంటుంది.

జేజి సంగతికొస్తే, ఆమెకి నిద్ర ఊ ఏదో మెలకువ ఊ ఏదో తెలిసేది అన్నా కదా. షెల్‌లో కూడా రెండు రకాల ఊ ఉంది, కానీ మామూలు ప్రాంప్ట్ రెండిట్నీ ఒకేలా పలుకుతుంది. ప్రతి కమాండ్ ముగిసేటప్పుడు ఒక నంబర్ వదిలి వెళ్తుంది, 0 అంటే పని అయింది, ఇంకేదైనా అంటే కాలేదు. ఆ నంబర్ $? అనే దాంట్లో ఉంటుంది. 127 అంటే ఆ పేరుతో కమాండే దొరకలేదు, 126 అంటే దొరికింది కానీ నడపడం కుదరలేదు, 130 అంటే మనమే కంట్రోల్ సీ కొట్టి ఆపాం. చాలా ప్రోగ్రాములు అయినా చప్పుడు చేయవు, కొన్ని కాకపోయినా చప్పుడు చేయవు, ఈ రెండోవి ప్రమాదం. అందుకే నా ఊ మామూలుగా ఆకుపచ్చగా ఉంటుంది, ముందు కమాండ్ ఫెయిలైతే ఎర్రగా మారి పక్కన ఆ నంబర్ వస్తుంది.

ఇది పెట్టేటప్పుడు కూడా ఒక తప్పు చేశా. ప్రాంప్ట్ కమాండ్ అని బ్యాష్‌లో ఒక వేరియబుల్ ఉంది, అందులో రాసిన ఫంక్షన్ ప్రతి ప్రాంప్ట్‌కి ముందు ఒకసారి నడుస్తుంది. నేను అందులో ముందు గిట్ (కోడ్‌లో చేసిన మార్పులు దాచిపెట్టే ప్రోగ్రామ్) బ్రాంచ్, అంటే ఇప్పుడు ఏ మార్పుల వరస మీద ఉన్నానో, కనుక్కుని, ఆ తర్వాత $? చూశా. రెండు రోజులు అంతా ఆకుపచ్చే. ఎంత బాగా పనిచేస్తున్నానో అని సంతోషపడ్డా కూడా. తీరా చూస్తే నేను చదువుతున్నది నా కమాండ్ నంబర్ కాదు, ఫంక్షన్ లోపల అంతకుముందు నడిచిన గిట్ కమాండ్ నంబర్. కాబట్టి ఆ ఫంక్షన్‌లో మొట్టమొదటి లైన్‌లోనే $? ని ఒక పేరుతో దాచేసుకోవాలి, దానికి ముందు ఏదీ ఉండకూడదు, ఏదైనా ప్రింట్ చేసే ఒక ఎకో కమాండ్ కూడా. సరిచేసిన వారానికే ఫలితం కనపడింది, ఒక పెద్ద ఫైల్ మీద స్క్రిప్ట్ నడుపుతుంటే మధ్యలో ఆగిపోయి ఊ ఎర్రగా వచ్చింది, పక్కన 137. ప్రోగ్రామ్‌ని సిగ్నల్ (ఆగమని పంపే సందేశం) పంపి ఆపితే షెల్ 128కి ఆ సిగ్నల్ నంబర్ కలిపి చెప్తుంది, 128కి 9 కలిపితే 137, 9 అంటే కిల్, అంటే నా స్క్రిప్ట్ తనంతట తను చావలేదు, ఎవరో చంపారు. చూస్తే ర్యామ్ అయిపోయి కెర్నలే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చంపేసింది. ఆ శనివారమే ఎస్పీ రోడ్‌కి వెళ్లి ర్యామ్ కొనుక్కొచ్చి 8 జీబీని 16 చేసుకున్నా. అంతకుముందు ఇట్లా ఎన్నిసార్లు సగంలో చచ్చిన ఫైల్‌ని పూర్తయిందనుకుని వాడానో.

గిట్ బ్రాంచ్ చూపించడానికి సొంతంగా రాయక్కర్లేదు, గిట్‌తో పాటే ఒక స్క్రిప్ట్ వస్తుంది, పేరు గిట్ ప్రాంప్ట్, దాన్ని బ్యాష్ఆర్‌సీలో సోర్స్ చేసుకుంటే బ్రాంచ్ పేరు ఇచ్చే ఫంక్షన్ దొరుకుతుంది. ఒక సెట్టింగ్ ఆన్ చేస్తే మార్చి ఇంకా యాడ్ చేయనివి ఉంటే * గుర్తు, యాడ్ చేసి కమిట్ చేయనివి ఉంటే + గుర్తు కూడా వస్తాయి. దీన్ని పీఎస్1లో పెట్టేటప్పుడు సింగిల్ కోట్స్‌లో పెట్టండి. డబుల్ కోట్స్‌లో పెడితే బ్యాష్ ఆ ఫంక్షన్‌ని అక్కడే ఒక్కసారి నడిపి, వచ్చిన జవాబుని పీఎస్1లో అచ్చు వేసేస్తుంది, ఇక ఏ ఫోల్డర్‌కి వెళ్లినా అదే బ్రాంచ్ పేరు. సింగిల్ కోట్స్ అయితే ఫంక్షన్ పేరు పేరుగానే దాచుకుని ప్రతిసారీ కొత్తగా అడుగుతుంది.

ఈ * గుర్తుకి ఒక ఖర్చు ఉంది. ఏ ఫైల్ మారిందో తెలియాలంటే గిట్ ఫైళ్లన్నీ చూసి రావాలి. చిన్న ప్రాజెక్ట్‌లో తెలియదు, మా ఆఫీసులో ఉన్న పెద్ద రిపోలో (గిట్‌లో పెట్టిన ప్రాజెక్ట్ ఫోల్డర్) మాత్రం ప్రతి ఎంటర్‌కి ప్రాంప్ట్ రావడానికి దాదాపు ఒక సెకను పట్టేది. ఒక సెకనే కదా అనిపిస్తుంది, కానీ కథ చెప్పేవాళ్లకి ప్రతి మాట తర్వాత ఊ ఆలస్యంగా వస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించండి, చెప్పాలనే ఉత్సాహం పోతుంది. ఆ ఒక్క రిపోలో గిట్ కాన్ఫిగ్‌లో బ్యాష్ డాట్ షోడర్టీస్టేట్‌ని ఫాల్స్ చేస్తే మిగతా చోట్ల * ఉంటుంది, అక్కడ మాత్రం ఉండదు, అదే చేశా. ప్రాంప్ట్‌లో ఏది కొత్తగా పెట్టినా నేను చేసే పరీక్ష ఒకటే, ఎంటర్ కీ నొక్కి పట్టుకుంటా. లైన్లు జలజలా రాలితే సరే, తడబడుతూ దిగితే పెట్టింది తీసేస్తా. బ్యాటరీ పర్సంటేజ్, నోడ్ వెర్షన్, పైథాన్ వెర్షన్, అన్నీ ఒకప్పుడు పెట్టా, అన్నీ ఇట్లాగే తీసేశా.

రెడీమేడ్‌వి లేవా అంటే బోలెడున్నాయి. జడ్‌ఎస్‌హెచ్ అనే ఇంకో షెల్ వాడే వాళ్లకి ఓ మై జడ్‌ఎస్‌హెచ్ 2009 నుంచి ఉంది, దాంట్లో వందకి పైగా థీమ్‌లు. స్టార్‌షిప్ అని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది ఒకటి ఉంది, చాలా వేగం, దాదాపు ఏ షెల్‌లోనైనా నడుస్తుంది. బాణాలు, కొమ్మల బొమ్మలు వచ్చే థీమ్ వేస్తే నెర్డ్ ఫాంట్ కూడా వేసుకోవాలి, లేకపోతే బొమ్మల బదులు ఖాళీ డబ్బాలు కనపడతాయి, ఎందుకంటే ఆ బొమ్మలు యూనికోడ్‌లో ఎవరికీ కేటాయించని ప్రైవేట్ జాగాలో కూర్చుని ఉంటాయి. వీటిని వద్దనను, మంచివే. కానీ ముందు ఒక్కసారైనా సొంతంగా నాలుగు లైన్లు రాసుకోండి, అప్పుడు రెడీమేడ్‌ది తీసుకున్నా అందులో ఏది ఎందుకుందో తెలిసి తీసుకుంటారు.

మ్యాక్ వాళ్లకి ఒక మాట. 2019లో కాటలీనా వచ్చినప్పటి నుంచి మ్యాక్‌లో కొత్త యూజర్లకి వచ్చే షెల్ జడ్‌ఎస్‌హెచ్, బ్యాష్ కాదు, అందుకే చివర డాలర్ బదులు % కనపడుతుంది. అక్కడ బ్యాక్‌స్లాష్ గుర్తులు పనిచేయవు, అన్నీ % తోనే, యూజర్‌కి ఎన్, మిషన్‌కి ఎమ్, దారికి ~ గుర్తు, ముందు కమాండ్ నంబర్‌కి ? గుర్తు. రంగుకి % పక్కన పెద్ద ఎఫ్ రాసి కర్లీ బ్రాకెట్‌లో రంగు పేరే రాయొచ్చు, గడుల లెక్క అదే చూసుకుంటుంది, ఆ మూడు రోజుల బాధ లేదు. కుడి వైపు ఇంకో ప్రాంప్ట్ కూడా పెట్టుకోవచ్చు, ఆర్‌ప్రాంప్ట్ అని, కమాండ్ పొడుగై అక్కడిదాకా వస్తే మర్యాదగా తప్పుకుంటుంది. ఇది నిజంగా బాగుంటుంది, బ్యాష్‌లో లేదే అనిపిస్తుంది.

చివరగా ఆ అక్షరం. మొదట "చెప్పు" అని పెట్టా, ఫోన్ ఎత్తి చెప్పు అన్నట్టు ఉంటుందని. టెర్మినల్ అంటే గళ్ల నోట్‌బుక్ లాంటిది, ఒక గడికి ఒక అక్షరం. మన తెలుగు అట్లా కూర్చోదు, చె అంటే చ మీద ఎత్వం, ప్పు అంటే ప కింద ఇంకో ప, దాని మీద కొమ్ము, ఇవన్నీ యూనికోడ్‌లో వేరువేరు ముక్కలు, వాటిని కలిపి ఒక అక్షరంగా గీయాలి. నేను వాడిన టెర్మినల్‌లో వత్తు కలవలేదు, ప పక్కన పొల్లు పెట్టి ఇంకో పు విడిగా వచ్చింది, షెల్ ఒక లెక్క, టెర్మినల్ ఒక లెక్క వేసుకుని కర్సర్ ఎక్కడో గాల్లో నిలబడింది. మన అక్షరాన్ని అట్లా విరిగిపోయి చూడటం నాకు చాలా బాధేసింది, ఇన్నేళ్లయినా ఇది సరిగ్గా రాకపోవడం ఏంటి అని. వేరే టెర్మినళ్లలో కొంత నయం, కానీ రోజుకి వెయ్యిసార్లు చూసేది ఎక్కడైనా ఒకేలా ఉండాలి. అప్పుడు వత్తు లేనిది, గుణింతం లేనిది, ఒంటరిగా నిలబడే అచ్చు ఏదైనా ఉందా అని అ ఆ ఇ ఈ అనుకుంటూ వెళ్తే ఊ దగ్గర ఆగిపోయా. జేజి గొంతే వినపడింది. ఒక్క ముక్క, షెల్‌కి ఒక్క గడి. గీసినప్పుడు ఆ గడి దాటి కొంచెం పక్కకి వస్తుంది, అందుకే దాని తర్వాత ఒకటి కాదు, రెండు స్పేస్‌లు. లొకేల్, అంటే మిషన్ ఏ భాష, ఏ అక్షరాల పద్ధతి వాడాలో చెప్పే సెట్టింగ్, యూటీఎఫ్-8లో ఉండాలి, ఎందుకంటే ఊ కి మూడు బైట్లు, లొకేల్ సరిగ్గా లేని కంటైనర్లలో షెల్ దాన్ని మూడు అక్షరాలనుకుని మళ్లీ గడుల లెక్క తప్పుతుంది.

ఇప్పుడు నాది రెండు లైన్ల ప్రాంప్ట్. పై లైన్‌లో టైమ్, చివరి మూడు ఫోల్డర్లు, బ్రాంచ్. కింది లైన్‌లో ఊ ఒక్కటే, కాబట్టి కమాండ్ ఎప్పుడూ ఒకే చోట మొదలవుతుంది, పైన దారి ఎంత పొడుగున్నా పర్లేదు.

సర్వర్ల మీద మాత్రం ఊ పెట్టలేదు. అక్కడ నాతో పాటు ఇంకా పదిమంది లాగిన్ అవుతారు, తెలుగు రానివాళ్లే ఎక్కువ, లొకేల్ ఎట్లా ఉందో తెలియదు, పైగా అది నా ఇల్లు కాదు. అక్కడ ఎర్రగోడ మీద మిషన్ పేరు, దారి, $, అంతే. మిషన్లకి కూడా ఐపీ అంకెలు తీసేసి అన్నే పేర్లు పెట్టించాడు. పోయిన నెల ఒక రాత్రి మళ్లీ అట్లాగే రెండు విండోలు తెరిచి ఉన్నాయి, మళ్లీ అప్‌డేట్ పడింది, సుడో రీబూట్ అని కొట్టి ఎంటర్ మీద వేలు పెట్టాక కన్ను ఎడమవైపుకి వెళ్లింది. ఎర్రగా లేదు. ఊ అని ఉంది. ఎంటర్ నొక్కా, పాస్‌వర్డ్ అడిగింది.